చిల్లుల ఆకు, చిల్లర వెలుగు

వంకాయకి చిల్లు కనిపిస్తే తిరిగి బుట్టలోకి విసిరేసే మనిషిని, 900 రూపాయలిచ్చి చిల్లులున్న ఆకుల్ని ఇంటికి తెచ్చుకున్నాను. "కడియం నుంచి నిన్ననే లారీలో దిగింది సార్" అంటూ నర్సరీ కుర్రాడు దాని వంశం చెప్పాడు. పేరు మాన్‌స్టెరా. కుండీకి ఒక చీటీ వేలాడుతోంది: 'బ్రైట్ ఇన్‌డైరెక్ట్ లైట్'.

"అంటే ఏంటి బాబూ?"

"వెలుతురు ఉండాలి సార్, ఎండ తగలకూడదు."

"ఎంత వెలుతురు?"

"మరీ ఎక్కువొద్దు సార్. మరీ తక్కువా వద్దు."

వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అని రాసిన మహానుభావుడు ఇప్పుడు నర్సరీల్లో చేరాడన్నమాట.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో ఈశాన్యపు కిటికీ పక్కన నా పడక్కుర్చీ, పేపరు. దాని ఎదురు మూల టీవీ. "నైరుతిలో బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి" అని పై ఫ్లాటు పెద్దాయన లిఫ్టులో కలిసినప్పుడల్లా చెబుతుంటారు. మూడంతస్తులు మెట్లెక్కించిన కుండీ బరువు ఎంతో నా నడుముకి తెలుసు (ఆరోజు లిఫ్టు పనిచెయ్యలేదు). నైరుతికే పంపాను. టీవీ పక్కన పచ్చగా, ఫోటోకి భేషుగ్గా ఉంది.

"అక్కడ చీకటిగా లేదుటండీ?" అంది మా ఆవిడ.

నాకు చదువుకున్న గీర కాస్త ఉంది. డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే అనే ఇద్దరు 1975లో రాసిన సంగతి ఒకటి ఆమె ముందు పెట్టాను. కోస్టారికా అడవుల్లో ఈ మొక్కకి చుట్టమైన ఒక తీగ ఉంది. నేల మీద మొలిచిన దాని పిల్ల వెలుగు వైపు కాకుండా చీకటి వైపే పాకుతుంది. "కాబట్టి దీనికి చీకటే ఇష్టం" అని తీర్పు చెప్పి పేపరు విప్పాను. వచ్చిన చిక్కల్లా నేను సగమే చదవడం. మిగతా సగం ఏమిటంటే, అడవిలో ఆ పిల్లకి అన్నిటికంటే నల్లగా కనిపించేది లావుపాటి చెట్టు మొదలు. దాన్ని పట్టుకుని పైకెక్కి వెలుగులో పడటానికే ఆ పాకులాటంతా. మా హాల్లో ఎక్కడానికి టీవీ స్టాండు తప్ప ఇంకేం లేదు.

రెండు నెలలకి కాడలు సన్నగా సాగి, రాని బస్సు కోసం చూస్తున్నట్టు కిటికీ వైపు మెడ చాచాయి. కొత్త ఆకు ఒకటి విచ్చుకుంది. ఒక్క చిల్లూ లేదు! బనియనుకి చిల్లు పడిందనీ, నీళ్ళ ట్యాంకుకి చిల్లు పడిందనీ మా ఇంట్లో గొడవలు జరిగాయి గానీ, పడలేదని దిగులుపడ్డవాణ్ణి మా వంశంలో నేనే మొదటివాణ్ణి.

అసలీ చిల్లులెందుకు? పెద్ద చెట్ల కింద ఎండ నోట్లకట్టలా రాదు, ఆకుల సందుల్లోంచి చిల్లరగా రాలుతుంది, అదీ ఎక్కడ పడితే అక్కడ. చిల్లులున్న ఆకు అంతే సరుకుతో ఇంకాస్త వెడల్పుగా పరుచుకుంటుంది గనక, ఒకరోజు పండగా ఒకరోజు పస్తూ లేకుండా నాలుగు డబ్బులు నిలకడగా ఏరుకుంటుందని 2013లో క్రిస్టఫర్ మ్యూర్ లెక్క కట్టాడు. మా టీవీ మూలలో చిల్లరైనా రాలడం లేదాయె. దుప్పటి ఎంత వెడల్పుగా పరిస్తే మాత్రం ఏం లాభం?

మా అబ్బాయి ఫోనులో వెలుతురు కొలిచే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగాడు. ఈశాన్యపు కిటికీ దగ్గర 4,000 లక్సులు. ఐదడుగులు వెనక్కి జరిగితే 500. టీవీ మూలలో 60. బయట మిట్టమధ్యాహ్నపు ఎండైతే 1,00,000 లక్సుల మాట. నా కంటికి మాత్రం కిటికీకీ టీవీ మూలకీ 'కాస్త మసక' అన్నంతే తేడా. కన్ను మంచి సంసారి, వెలుగు తగ్గితే పాపని పెద్దది చేసుకుని ఉన్నదాంతో సర్దుకుపోతుంది. ఆకు అలా కాదు, కిరాణా కొట్టు శెట్టిగారు. ఎంత ముడితే అంతే రాస్తుంది.

తప్పు తెలిశాక దిద్దుకోవడంలో నాకు ఆవేశం ఎక్కువ. ఒక ఇంగ్లండు ఆవిడ వీడియోలో 'ఉత్తరం వైపు భయం లేదు, అటు ఎండ రాదు' అని భరోసా ఇచ్చింది. మర్నాడే కుండీని ఉత్తరపు బాల్కనీలోకి లాగాను. అది మే నెల. ఆవిడ మాట ఆవిడ ఊరికి చాలావరకు నిజమే. 51 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న లండనులో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. మన హైదరాబాదు 17 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ మే రెండో వారానికల్లా ఆయన మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళి, ఆగస్టు మొదట్లో గానీ తిరిగి రాడు. సూర్యుడి ఉత్తరపు నడకకి ఉత్తరాయణం అని పేరు పెట్టి, ఏటా పంచాంగం కొనుక్కునే జాతిలో పుట్టి, నేను ఇంగ్లండు ఆవిడ మాట నమ్మాను. రెండు నెలలు చీకట్లో మగ్గిన ఆకులు నాలుగు రోజుల్లో మాడిన పెసరట్లయ్యాయి.

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు పొన్నూరు నుంచి దిగారు. బతికున్న పాత ఆకు చిల్లులు చూసి, "పురుగు కొట్టింది, వేపనూనె తెప్పించండి" అన్నారు. అది పురుగు కాదు, అందం అని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. తరవాత మాడిన ఆకుని వేళ్ళతో నలిపి, కాసేపు చూసి, "దీనికి నీరెండ కావాలి అల్లుడుగారూ" అన్నారు.

మూడు నెలలుగా చీటీ మీది ఆ మూడు ఇంగ్లీషు ముక్కలతో నేను కుస్తీ పడుతున్నాను. ఆవిడ ఒక్క మాటలో తేల్చేశారు!

వాళ్ళ నాన్నగారికి ఆకుతోట ఉండేది. ముందు అవిసె గింజలు చల్లి, అవి ఎదిగాక వాటి మీదికి తమలపాకు తీగ పాకించేవారట. తీగకి నిచ్చెనా అవిసే, గొడుగూ అవిసే. నీడ ముదిరితే మనుషుల్ని పెట్టి కొమ్మలు కొట్టించేవారు. "నీడకి క్షవరం" అన్నారు అత్తయ్యగారు నవ్వుతూ. తోటలోకి వెళ్ళి తలెత్తి చూస్తే ఆకాశం జల్లెడలా కనపడాలిట. లక్సుల ఊసే లేదు.

మర్నాడు నా పడక్కుర్చీ లేచిపోయింది. ఈశాన్యపు కిటికీకి ఆవిడ పాత నేతచీర కట్టారు, దాని కింద కుండీ పెట్టారు. పొద్దున్న ఒంటి పొర, ఎండ ముదిరితే మడతేసి రెండు పొరలు. "ఈశాన్యంలో బరువు పెట్టకూడదని పై ఫ్లాటాయన..." అని నసిగాను. "తులసికోట పెట్టుకోమూ? ఇదీ చెట్టేగా" అన్నారు. వాస్తు అక్కడితో ఆగింది.

శ్రావణం వచ్చేసరికి కొత్త ఆకు చుట్ట విప్పుకుంది, ఒక పక్క రెండు చీలికలతో. పై ఫ్లాటు పెద్దాయనతో సహా అందరికీ చూపించాను. ఆయన ఆకు చూడలేదు, దిక్కు చూశారు.

నా కుర్చీ ఇప్పుడు టీవీ మూలలో ఉంది. పగలే లైటేసుకుని పేపరు చదువుతున్నాను, మెడ మాత్రం కిటికీ వైపే పోతోంది. నిన్న పొద్దున అత్తయ్యగారు నన్ను తేరిపార చూసి, "అల్లుడుగారు పాలిపోయినట్టున్నారేమే?" అని మా ఆవిడని అడిగారు. తరవాత కుండీని జానెడు పక్కకి జరిపి, ఆ చీర నీడలోనే నాకో పీట వేశారు.