అన్నీ కవర్ చేశాం!

విశాఖలో కాపురం పెట్టినవాళ్లకి సముద్రం ఉచితం, దాంతోపాటు చుట్టాలూ ఉచితం. కార్తీకం రాగానే హైదరాబాద్ నుంచి మా అక్కాబావలు పిల్లలతో దిగారు. కాళ్లు కడుక్కోకముందే బావగారు జేబులోంచి చీటీ తీశారు.

"రేపు అరకు కవర్ చేసేద్దామోయ్. ఎల్లుండి భీమిలి, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, కురుసుర సబ్‌మెరీన్. సాయంత్రం అప్పన్న దర్శనం, రాత్రికి రైలు."

"ఎర్రమట్టి దిబ్బలు తయారవడానికే వేల ఏళ్లు పట్టింది బావగారూ" అన్నాను.

"మనకంత టైమెక్కడిది? పావుగంట చాలు" అన్నారు.

మర్నాడు నాలుగింటికే లేచి, పులిహోర మూట కట్టుకుని కిరండూల్ రైలెక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి వేసిన లైనిది. ఖనిజానికి కొండా లోయా చూసే కళ్లు లేవు. కళ్లున్న మావాళ్లేమో ఫోన్లలోంచి తలెత్తలేదు. సొరంగంలో సిగ్నల్ పోయినప్పుడు మాత్రం బోగీ బోగీ అంతా ఒక్కసారిగా కేకలు పెట్టేది. ఈ లైన్లో సొరంగాలు 58 అంటారు. నేను లెక్కపెట్టలేదు కానీ, నా చెవులు లెక్కపెట్టాయి.

అరకులో దిగగానే వ్యాను డ్రైవరు టైమ్‌టేబుల్ చదివాడు. "మ్యూజియం ఇరవై నిమిషాలండి, పద్మాపురం తోట అరగంటండి, చాపరాయిలో స్నానాలు చెయ్యకపోతే పావుగంటండి."

గిరిజన మ్యూజియంలో బుట్ట పట్టుకున్న ఆదివాసీ మహిళ బొమ్మ ముందు బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఎంత కష్టజీవులో!" అని కరిగిపోయారు. బయట గేటు దగ్గర అలాంటి బుట్టతోనే ఒకామె సీతాఫలాలు అమ్ముతోంది. ఆమె డజను వంద అంటే బావగారు నలభై దగ్గర మొదలుపెట్టారు. మ్యూజియంకి ఇరవై నిమిషాలైతే, ఈ బేరానికి పాతిక పట్టింది.

దారిలో వలిసె చేలు పచ్చగా పూశాయి. నూనె గింజల కోసం వేసిన పంట అది. రైతు చేను చుట్టూ తాడు కట్టి, ఫొటోకి మనిషికి ఇరవై అన్నాడు. "పువ్వు చూడ్డానికీ డబ్బులా!" అని బావగారు మండిపడ్డారు. తొక్కిన మొక్కకి డబ్బులని రైతు వివరించబోయేలోగా పిల్లలు తాడు దూరి రీలు తీసేశారు.

అరకు కాఫీకి 2017లోనే పారిస్‌లో దుకాణం వెలిసింది. అనంతగిరి కాఫీ తోటలో దిగిన మా బావగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఇక్కడ అల్లం టీ దొరుకుతుందా?"

బొర్రా గుహలకి చేరేసరికి సాయంత్రమైంది. సున్నపు నీళ్లు చుక్క చుక్కగా కారి, యుగాల తరబడి పేరుకుని ఆ రాళ్లకి రూపం పోశాయి. గైడు టార్చి వేసి శివపార్వతుల్ని చూపిస్తుంటే, బావగారు చెయ్యి పైకెత్తి సిగ్నల్ వెతుక్కున్నారు. దొరక్కపోయేసరికి అరగంటలో బయటపడ్డారు.

ఇక ఘాట్ రోడ్డు. పులిహోర, బొంగులో చికెన్, మొక్కజొన్న పొత్తులు ఎక్కిన వరసలోనే దిగడం మొదలుపెట్టాయి. డ్రైవరు అలవాటైన చేత్తో నల్ల కవర్లు వెనక్కి అందించాడు. పిల్లలు కక్కడం, అక్క మూతి ముడెయ్యడం, బావగారు కిటికీలోంచి లోయలోకి విసరడం. ఆ వెనకే పులిహోర విస్తళ్లు, నీళ్ల సీసాలు. మలుపులో కోతులు మాకంటే ముందు వెళ్లినవాళ్ల కవర్లు విప్పి చూసుకుంటున్నాయి. వాటికి టైమ్‌టేబుల్ లేదు కాబట్టి నిదానంగానే చూస్తున్నాయి.

రాత్రి పదింటికి ఇల్లు చేరాం. బావగారు చీటీ తీసి, అరకులో చూసిన ఒక్కో చోటు పేరూ రాసి, పక్కన టిక్కు పెట్టారు. "చూశావా, ఒక్కటీ వదల్లేదు. అన్నీ కవర్ చేశాం!"

కాదనలేకపోయాను. చాపరాయి బండల మీద కవర్లు, వలిసె చేలో కవర్లు, ఘాట్ కింద చెట్టు చెట్టుకీ కవర్లు. మనలాంటివాళ్లం ఇంకొన్ని ఆదివారాలు వెళ్లొస్తే అరకు లోయ నిజంగానే పూర్తిగా కవరైపోతుంది.

అందుకే ఈ కార్తీకంలో కొండెక్కబోయే వాళ్లకి ఒక్క మనవి. చీటీ ఇంట్లో వదిలి వెళ్లండి. కవరు ఇంటికి తెచ్చుకోండి.