రెండు స్టార్ల అల్లుడుగారు

నరసరావుపేటకు సంక్రాంతికి వచ్చే అల్లుళ్లలో ఒక రకం ఉంది. అరిసెల్లో పాకం ముదిరినా మాట్లాడడు, కొత్త బట్టల దగ్గర అలగడు, నాటుకోడి కూరలో ఉప్పెక్కువైతే మంచినీళ్లు తాగి ఊరుకుంటాడు. అత్తగారు పక్కింటామెతో గొప్పగా చెప్పుకునేంత మెతక మనిషి. చీకటి పడగానే బామ్మర్దిని వెంటేసుకుని పల్నాడు రోడ్డులో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరికి వెళ్తాడు చూడండి, ఆ మెతకదనమంతా అక్కడ ఆవిరైపోతుంది. ప్లేటు చేతికి రాగానే రెండు నూడుల్స్ పోగులు ఫోర్కుకు చుట్టి, కళ్లు మూసుకుని నమిలి, తల అడ్డంగా ఊపుతాడు.

"ఇది చైనీస్ కాదు."

బండికి అడ్డంగా 'చైనీస్ ఫాస్ట్‌ఫుడ్' అని రాసున్న మాట నిజమే. దాని పైన 'కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి ప్రసన్న' అని కూడా రాసుంది. రెండూ కలిపి చదువుకోవాలి.

అల్లుడుగారి అధికారానికి ఆధారం షెన్‌జెన్‌లో గడిపిన మూడు వారాలు. కంపెనీ పంపింది, వెళ్లొచ్చాడు. మాచర్ల అల్లుడైతే సింగపూర్ అంటాడు, గురజాల అల్లుడు న్యూజెర్సీ అంటాడు. ఈయన ఫిర్యాదల్లా నాలుక తిమ్మిరెక్కలేదని. అసలైన సిచువాన్ మిరియాలు పడితే పెదాలు జివ్వుమనాలట. షెన్‌జెన్ ఉన్నదేమో గ్వాంగ్‌డాంగ్‌లో. అక్కడివాళ్ల సొంత వంట కారానికి ఆమడ దూరం, చేపను అల్లం ముక్కలతో ఆవిరి మీద ఉడికించి తాజాదనాన్ని మెచ్చుకునే రకం. సిచువాన్ అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఈ లెక్కన పేటలో మూడు వారాలుండి వెళ్లినవాడు రాజస్థాన్ దాల్‌బాటీ మీద కూడా తీర్పు చెప్పొచ్చు.

"తిమ్మిరెక్కాలంటే పళ్ల డాక్టరు కాడికి పోవాల బావా, బండికాడికి దేనికి?" అంటాడు బామ్మర్ది.

ఇంటికొచ్చాక అల్లుడుగారి భార్య గుట్టు విప్పుతుంది. "అక్కడ ఈయన తిన్నదేంటో నన్నడగండి. కందిపొడి, గోంగూర పచ్చడి. పెట్టె బరువెక్కువైందంటే ఎయిర్‌పోర్టులో కోటు తీసి నా చేతికిచ్చి పచ్చడి సీసా ఉంచుకున్నారు." అల్లుడుగారు ఆ మాట వినిపించుకోడు. అప్పటికే ఫోన్లో రెండు స్టార్లు నొక్కి, కింద 'నాట్ అథెంటిక్' అని రాసి ఉంటాడు. నాగమ్మ పుంజుకూ బ్రహ్మనాయుడి పుంజుకూ పెట్టిన పందెం కారెంపూడి యుద్ధం దాకా పోయిన సీమ ఇది. చికెన్ మంచూరియా మీద మాటపట్టింపులు రావడంలో వింతేముంది?

పైగా ఈ సీమకు బయటివాళ్ల రివ్యూలు కొత్త కాదు. పదిహేనో శతాబ్దంలోనే శ్రీనాథుడు ఇచ్చిపోయాడు. కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా దర్జాగా బతికిన మనిషి, ఆయనవిగా చెప్పుకునే చాటువుల్లో పల్నాటి నేలనూ నీళ్లనూ తిండినీ వరసగా ఏకిపారేశాడు. వరన్నం దొరకక జొన్నకూడు మింగాల్సి వచ్చిందన్నది అసలు బాధ. చివరికి మన్మథుడొచ్చినా ఇక్కడ జొన్నలే గతి అని తేల్చేశాడు. తమాషా ఏమిటంటే, పల్నాటి వీరచరిత్ర కూడా ఆయన పేరు మీదే ఉంది. వీరులకు కావ్యం, వంటకు రెండు స్టార్లు.

ఇలాంటి రివ్యూలతో వచ్చిన చిక్కు, రాసినవాడు మళ్లీ వచ్చి దిద్దడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పారినంత మేరా జొన్నచేలు పోయి వరి, మిరప వచ్చాయి. అసలు ఫ్రైడ్ రైస్ బండి నిలబడిందే ఆ నీళ్ల పుణ్యాన. 2022లో పల్నాడు జిల్లా కూడా అయింది, పేట జిల్లా కేంద్రమైంది. అయినా పల్నాడు పేరెత్తగానే ఎక్కడో ఓ తెలుగు మాస్టారు గొంతు సవరించుకుని ఆ పద్యమే అందుకుంటాడు.

సరే, మంచూరియాకు తీర్పరి ఎవరు? అది పుట్టింది ముంబైలో. కలకత్తా చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో అక్కడి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వండుతూ, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా మానేసి సోయా సాస్ పోశానని చెప్పాడు. అది పేట చేరేసరికి ఆయన మానేసిన గరం మసాలా తిరిగొచ్చింది, వెంట కరివేపాకును తెచ్చుకుంది. పక్కన ఉల్లిపాయ ముక్కలూ నిమ్మచెక్కా చేరాయి. బండి దగ్గర కడాయి తిప్పేది చాలాచోట్ల నేపాల్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడు. మాస్టరు బయటివాడు, సాసు బయటిది, కారం మాత్రం మనది. ఆ మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్లు ఓడలో తెచ్చిందేనని గుంటూరు యార్డులో అంటే తన్నులు తినాల్సొస్తుంది.

బయటివాళ్లు అసలు నోరే మెదపకూడదని కాదు. ఫుక్సియా డన్లప్ ఇంగ్లండ్ మనిషి. 1990లలో చెంగ్డూ వెళ్లి, అక్కడి వంట కళాశాలలో కత్తి పట్టడం దగ్గర్నుంచి నేర్చుకుని సిచువాన్ వంట మీద రాసింది. ఆ రచనను చైనావాళ్లు తమ భాషలోకి తెచ్చుకుని చదివారు. లోపలివాళ్ల మాట ఎప్పుడూ మేలే చేస్తుందనీ లేదు. 1968లో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే చైనా డాక్టరు అమెరికాలో ఒక వైద్యపత్రికకు ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తింటే మెడ తిమ్మిరెక్కుతోంది, సోయా సాసు వల్లా, వంటలో పోసే వైను వల్లా, టేస్టింగ్ సాల్ట్ వల్లా అని ఆయనవి అనుమానాలే. జనం చివరిదాన్ని పట్టుకున్నారు. 1908లో జపాన్‌లో ఇకెడా అనే శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి పట్టుకున్న ఆ రుచికి అప్పుడంటిన మచ్చ ఇంకా పోలేదు. మామూలు మోతాదులో తింటే ఫలానా బాధ వస్తుందని తర్వాతి పరీక్షల్లో నిలకడగా తేలనేలేదు. అల్లుడుగారు ఇప్పటికీ "అజినోమోటో వేశారా?" అని అడుగుతాడు, మాస్టరు చెంచాను గుడ్డ కింద దాచి "లేద్సార్" అంటాడు.

నిజానికి బండి గురించి అన్నీ తెలిసినవాడు బామ్మర్దే. నూనె ఏ రోజు మార్చారో నురగ చూసి చెప్తాడు. వానపడిన రాత్రి నూడుల్స్ తగ్గి క్యాబేజీ పెరుగుతుందనీ, మాస్టరు ఊరెళ్లిన పది రోజులూ ఎగ్ రైస్ జోలికి పోకూడదనీ అతనికి తెలుసు. కానీ ఒక్క ముక్క రాయడు. బండి ఓనరు వరసకు బాబాయి అవుతాడు, రేపు పెళ్లిలో ఎదురుపడాలి. మొహమాటం లేని అల్లుడికి సంగతి తెలియదు, సంగతి తెలిసిన బామ్మర్దికి మొహమాటం. పేటలో తినేవాడి అదృష్టం ఈ రెండింటి మధ్యన ఉంటుంది.

ఒక్క విషయంలో అల్లుడుగారిది న్యాయమే. గోబీ మీద ఆ ఎరుపు ఏ మిరపకాయకీ రాదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలోనూ పీచుమిఠాయిలోనూ కృత్రిమ రంగులను నిషేధించింది కూడా. ఆయన రాసిన రివ్యూలో చివరి వాక్యం ఆ రంగు గురించే. దాని ముందు షెన్‌జెన్ గురించి పదిహేను లైన్లున్నాయి. అంతదాకా ఎవరు చదువుతారు?

ఓనరు కొడుకు చదివాడు, అదీ మొదటి లైను వరకే. 'థాంక్యూ సర్, ప్లీజ్ విజిట్ ఎగైన్' అని జవాబిచ్చాడు. కోటప్పకొండ తిరునాళ్లకు అల్లుడుగారు మళ్లీ దిగేసరికి బోర్డు మీద కొత్త పేరొకటి వెలసింది: 'షెన్‌జెన్ స్పెషల్ రైస్', ఇరవై రూపాయలు ఎక్కువ. పాత ఎగ్ రైసే, పైన జీడిపప్పు. ఎరుపు ఇంకాస్త చిక్కబడింది. అల్లుడుగారు అక్కడికక్కడే నాలుగు స్టార్లిచ్చి, మామగారికి ఒకటి పార్శిల్ కట్టించాడు.

మామగారు దాన్ని కంచంలో వేసుకుని, రెండు ముద్దలు తిని, పెరుగు తెమ్మన్నారు.