నేను హైడ్రోజన్ రైలుని

నేను పుట్టింది జర్మనీలోని సాల్జ్‌గిట్టర్‌లో. పేరు కొరాడియా ఐలింట్. మా జాతిలో మొదటి రెండు 2018 సెప్టెంబరులో ప్రయాణికులను ఎక్కించుకున్నాయి. 2022 ఆగస్టులో లోయర్ సాక్సనీలో మా 14 రైళ్లను దింపడం మొదలైంది. కుక్స్‌హాఫెన్ నుంచి బుక్స్‌టెహుడె దాకా మా దారి. అందులో చాలామేర కరెంటు తీగ లేదు, అందుకే అంతకుముందు డీజిల్ బళ్లు తిరిగేవి. ఏటా 16 లక్షల లీటర్ల డీజిల్ మిగులుతుందని మమ్మల్ని దింపినప్పుడు లెక్కగట్టారు.

నా కప్పు మీద ట్యాంకుల్లో 350 బార్ల పీడనంతో హైడ్రోజన్ ఉంటుంది. పైనే ఉన్న ఫ్యూయల్ సెల్‌లో అది గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, కరెంటు పుడుతుంది. మిగిలేది నీళ్లే. చలికాలం పొద్దున్నే స్టేషన్లో నిలబడితే కప్పు మీంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. కింద ప్లాట్‌ఫారం మీద పొగ వాసన ఉండదు. నాకు అదే గర్వం.

నా అడుగున లిథియం అయాన్ బ్యాటరీలు కూడా ఉన్నాయి. స్టేషన్ వదిలి వేగం అందుకోవాలంటే ఫ్యూయల్ సెల్‌కు అవే తోడొస్తాయి. బ్రేకు వేస్తే పుట్టే కరెంటును పోనివ్వకుండా దాచేవీ అవే. హైడ్రోజన్ గొప్పా, బ్యాటరీ గొప్పా అని వాదించుకునేవాళ్లు ఒక్కసారి నా కిందికి వంగి చూడాలి.

అలాగని లెక్క దాచను. 100 యూనిట్ల కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను నొక్కిపట్టి, నాలో మళ్లీ కరెంటుగా మారిస్తే చక్రాలకు చేరేది దాదాపు 30. అదే కరెంటు నేరుగా బ్యాటరీకెక్కితే 70కి పైనే చేరుతుంది. నడిపే ఖర్చు తక్కువని 2023లో మా రాష్ట్రమే ఇకపై బ్యాటరీ రైళ్ల వైపు మొగ్గింది. బాధేసింది. కానీ ఆ నిర్ణయం సరైనదే. మధ్యమధ్యలో తీగ తగిలే పొట్టి మార్గాల్లో బ్యాటరీని మించింది లేదు. కార్ల సంగతీ అంతే, ఇంటి ముందే చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు హైడ్రోజన్ బంకుతో పనేముంది?

అయితే 2022 సెప్టెంబరులో మాలో ఒకటి బ్రెమర్‌ఫోర్డె నుంచి మ్యూనిక్ వైపు బయల్దేరి, ఎక్కడా ఇంధనం నింపుకోకుండా 1,175 కిలోమీటర్లు నడిచింది. తీగ వేయడం గిట్టుబాటు కాని దూరపు లైన్లు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి, వాటి మీద ఈ రోజుకీ డీజిలే మండుతోంది. గాలిమరల కరెంటుతో తీసిన హైడ్రోజన్ ఇచ్చి మమ్మల్ని అక్కడికి పంపండి.