బొగ్గుకున్నపాటి సుఖం

మా బావగారు లాలాగూడ రైల్వే క్యారేజీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నిజాం రైల్వే కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాపు అది. అక్కడ ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషికి దేన్నైనా ముందు కింద నుంచి చూడటం అలవాటవుతుంది. పెళ్ళిచూపులకు తీసుకెళ్ళినా సరే, పిల్లను చూడకముందే తను కూర్చోబోయే కుర్చీ కిందికి వంగి చూస్తారు.

రిటైర్మెంటు డబ్బులతో నలుగురూ కాశీకో రామేశ్వరానికో వెళ్తే, ఈయన 1970 నాటి మహీంద్రా జీపు పికప్ కొన్నారు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక ఇనప తొట్టి. ఆ తొట్టిలో ఇంతవరకూ ప్రయాణించిన అతి పెద్ద సరుకు మా అక్క బోయిన్‌పల్లి నర్సరీలో కొన్న కరివేపాకు మొక్క. అది కూడా ఇంటికి చేరేసరికి మొక్క ఒక మూలా మట్టి ఒక మూలా ఉన్నాయి.

తప్పు రోడ్డుది కూడాను. స్పీడు బ్రేకరు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క కట్టి పెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి దాన్ని హాయిగా ఎక్కి దిగాలట. మారేడుపల్లి నుంచి తిరుమలగిరి వెళ్ళే దారిలో వీటిని పోసిన మహానుభావులెవరో ఎత్తు గుర్తుపెట్టుకుని వెడల్పు మరిచిపోయారు. ఎత్తు విషయంలో కాస్త ఉదారంగా కూడా ఉన్నారు. ఒక్కోదాని మీద పికప్ వెనకభాగం గాల్లోకి లేస్తుంది. దాంతో పాటు అక్క లేస్తుంది. బండి ముందు దిగుతుంది, అక్క తర్వాత దిగుతుంది.

"ఈ కమాన్ పట్టీలు పీకించేసి కాయిల్ స్ప్రింగులు వేయిస్తా" అని బావగారు ప్రకటించింది అలాంటి ఒక దిగుడు తర్వాతే. కమాన్ పట్టీలంటే ఇరుసు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీలు, ఆ పికప్‌కి స్ప్రింగులు అవే.

ఆయన వాదన రైలు పట్టాల మీద నడుస్తుంది. పాత నాలుగు చక్రాల గూడ్సు వ్యాగన్లకు పట్టీల కమాన్లుండేవి. మనుషులెక్కే ఐసీఎఫ్ బోగీలకు కాయిల్ స్ప్రింగులు. అంటే సరుకుకి పట్టీ, మనిషికి కాయిల్. ఇది పాతకాలపు మర్యాద అనుకుందాం. కానీ 1980ల్లో బాక్స్-ఎన్ వ్యాగన్లు వచ్చాయి. వాటి కింద ఉండే కాస్నబ్ బోగీల్లో, అంటే చక్రాల చట్రాల్లో, ఉన్నవి కూడా కాయిల్ స్ప్రింగులే. సింగరేణి బొగ్గు ఇవాళ వాటి మీదే ఊగుతూ పోతోంది.

"బొగ్గుకున్నపాటి సుఖం నాకు వద్దా? మీ అక్క బొగ్గు కన్నా తీసిపోయిందా? నువ్వే చెప్పరా" అన్నారు.

ఇలాంటి ప్రశ్నకు బావమరిది ఏ జవాబు చెప్పినా ప్రమాదమే. అక్క వంటింట్లోంచి, "సుఖమే కావాలంటే కారు కొనుక్కుంటారండీ ఎవరైనా" అంది. బావగారికి వినపడలేదు. వర్క్‌షాపు చప్పుడులో పనిచేసినవాళ్ళకు ఆ సౌకర్యం ఒకటుంటుంది.

ఆయన చెప్పేది పూర్తిగా వెర్రి కూడా కాదు. అమెరికాలో షెవర్లే వాళ్ళు 1960లోనే పికప్ ట్రక్కుల వెనక కాయిల్ స్ప్రింగులు వేశారు. ఇరుసును ముందుకు పట్టి ఉంచడానికి రెండు పొడవాటి ఇనప చేతులు పెట్టారు. ఆ అమరిక ఎంత నచ్చిందంటే, నాస్కార్ రేసు కార్లు దశాబ్దాల పాటు దాన్నే వాడుకున్నాయి. అయితే షెవర్లే వాళ్ళే 1973 మోడల్లో బుద్ధిగా మళ్ళీ పట్టీలకు వచ్చేశారు. ఈ రెండో సగం బావగారు నాకు చెప్పలేదు. నేనే చదువుకున్నాను.

రాణిగంజ్‌లో స్పేరు పార్టుల దుకాణాలన్నీ దాటుకుని మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాం. మనిషి సన్నగా ఉంటాడు, మాట అంతకన్నా సన్నం. జాకీ ఎత్తి, బండి కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"కాయిల్ పెట్టుడు పెద్ద పని కాదు సార్. పెట్టినంక ఇరుసు హౌసింగ్ ఎటూ ఉరకకుండ ఆపుడు పెద్ద పని."

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కమాన్ పట్టీ ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు లాంటిది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ ఇరుసు మెలి తిరగబోతే ఆపుతుంది. పట్టీకీ పట్టీకీ రాపిడి వల్ల ఊపును కూడా కొంత మింగేస్తుంది. ఇన్ని చేస్తూ పైకి మాత్రం కిర్రుకిర్రుమని గొణుగుతుంది, అంతే. ఆవిడను పుట్టింటికి పంపితే ఒక్కో పనికీ ఒక్కో మనిషిని పెట్టుకోవాలి. కాయిల్ స్ప్రింగుకి వచ్చింది ఒకటే పని, బరువు మోయడం. ఇరుసును ముందూ వెనకా పట్టడానికి రాడ్లు కావాలి. పక్కకు జారకుండా అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్ ఇంకోటి. ఊపు ఆపడానికి గట్టి షాకబ్జర్లు. వీటన్నిటికీ ఛాసిస్ మీద కొత్త బ్రాకెట్లు, వాటికి వెల్డింగ్. ఆ వెల్డింగ్ సరిగా లేకపోతే ఏమవుతుందని అడిగాను. "ఇరుసు వేరే రూట్ల పోతది సార్" అన్నాడు ఉస్తాద్ నిదానంగా.

బావగారు తగ్గలేదు. టాటా సఫారీ 1998లో వెనక కాయిల్స్‌తోనే వచ్చింది, మహీంద్రా స్కార్పియోకీ వెనక కాయిల్సే కదా, పాత స్కార్పియో స్ప్రింగులు తెచ్చి బిగిస్తే సరి అన్నారు. సరి కాదు. కాయిల్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే తీగ 10 శాతం లావైతే స్ప్రింగు సుమారు 46 శాతం గట్టిపడుతుంది. ఒకరి బండి బరువుకి చుట్టిన స్ప్రింగు ఇంకొకరి బండి కింద పెడితే మెత్తగా ఉండొచ్చు, ఉన్నదానికన్నా మొండిగానూ ఉండొచ్చు. ఎత్తు ఎక్కువైందని ఒక చుట్టు కోయించేవాళ్ళుంటారు. కోస్తే బండి కిందికి దిగుతుంది, మిగిలిన స్ప్రింగు మాత్రం ఇంకా గట్టిపడుతుంది. ఈ లెక్క నేను చెప్పబోతే, లెక్కలు రైల్వేకి నేర్పొద్దన్నారు.

తీసేసిన పట్టీలు ఏం చేస్తారని అక్క అడిగింది. కమ్మరులు కొనుక్కెళ్ళి కొడవళ్ళు, కత్తులు చేస్తారు, ఆ ఉక్కుకి పదును బాగా నిలుస్తుందన్నాడు ఉస్తాద్. "అయితే ఒకటి నాకూ చేయించి పెట్టు నాయనా" అంది అక్క, బావగారి వైపే చూస్తూ.

చివరికి ఆయన్ను కాస్త ఆలోచనలో పడేసింది చట్టం. మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల మీద 52వ సెక్షన్ ఉంది. తయారుచేసినవాళ్ళు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. బావగారికి కోపమొచ్చింది. "బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూశావు కదా. వంకాయ ఆకారంలో కారు చేసినాయనకి దండలు, రెండు స్ప్రింగులు మార్చిన నాకు జైలా?"

"ఆయన ఆ వంకాయలో కూర్చుని మోండా మార్కెట్‌కి వంకాయలు కొనడానికి వెళ్ళడు కదా బావా" అన్నాను.

ఇంకో పేచీ కూడా ఉంది. యాభై ఏళ్ళు దాటిన సొంత బళ్ళను వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చని 2021లో కేంద్రం నియమం తెచ్చింది. 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. బావగారికి ఆ నంబరు మీద మహా మోజు. కానీ బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్ మార్చి ఉండకూడదు. పైగా ఆ నంబరుతో ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిరగడానికి వీల్లేదు. కాయిల్ వేస్తే నంబరు రాదు. నంబరొస్తే కరివేపాకు తేవడానికి వెళ్ళకూడదు. బావగారు రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఉస్తాద్ చేసిన వైద్యం చాలా చిన్నది. పట్టీలు విప్పి తుప్పు గీకించాడు. తుప్పుతో అవన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, స్ప్రింగులా కాక దూలంలా పనిచేస్తున్నాయి. అరిగిన షాకిల్ బుష్‌లు మార్చాడు, యూ బోల్టులు కొత్తవి వేశాడు. పాత షాకబ్జర్లలో నూనె పోయి ఎన్నేళ్ళైందో తెలియదు, అవీ మార్చాడు. టైర్లలో లారీకి కొట్టినంత గాలి ఉంది, తగ్గించాడు. ఇప్పుడు స్పీడు బ్రేకరు మీద అక్కా బండీ ఒకేసారి దిగుతున్నారు.

డబ్బులు తీసుకుంటూ ఉస్తాద్ ఒక మాటన్నాడు. "ఇది బరువు మోసే బండి సార్. ఖాళీగ తిప్పితే ఎగురుతది. రెండు మూడు క్వింటాళ్ళు ఎయ్యండి, మీ కాయిల్ బండి దీని ముందట ఎందుకూ పనికిరాదు." ఖాళీగా తిప్పితే ఎగురుతుందన్నది నిజం. ఆ పట్టీలను లెక్కగట్టింది నిండు తొట్టికి, కరివేపాకు మొక్కకు కాదు.

కనుక సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉన్న పాఠకులకు ఒక విన్నపం. ఇల్లు మారేవాళ్ళు, ఊరి నుంచి బియ్యం బస్తాలు తెప్పించుకునేవాళ్ళు, పాత ఇనప బీరువా వదిలించుకోవాలనుకునేవాళ్ళు ఎవరున్నా మా బావగారికి కబురు పెట్టండి. కిరాయి అక్కర్లేదు, డీజిలు కూడా ఆయనదే. సరుకు మాత్రం రెండు క్వింటాళ్ళకు తగ్గకూడదు.