పుట్టి మునిగితేనే జీతం

మాది విశాఖపట్నం. బీచ్ రోడ్డులో మొక్కజొన్నపొత్తు నములుతూ సముద్రాన్ని చూసి పెరిగినవాణ్ణి. ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడడం వేరు, సముద్రం మన సంగతి చూడడం వేరు అని నేవీలో చేరాకగానీ తెలియలేదు.

ఎళిమల అకాడమీలో పరేడ్లూ పరుగులూ బాగానే గడిచాయి. కొచ్చిలో శిక్షణ నౌక ఎక్కిన మొదటి వానాకాలమే నా బండారం బయటపడింది. బండారంతో పాటు చిన్నప్పుడు తాగిన ఉగ్గుపాలు కూడా బయటపడ్డాయి. బ్రిడ్జి మీద ఒక చేతిలో బైనాక్యులర్, ఇంకో చేతిలో బకెట్. "అడ్మిరల్ నెల్సన్ అంతటివాడికే ఓడెక్కితే వాంతులయ్యేవోయ్" అని సీనియర్ ఒకాయన ధైర్యం చెప్పాడు. నెల్సన్‌కున్న లక్షణాల్లో ఒకటి నాకూ ఉందని సంతోషించాను. మిగతావే రాలేదు.

సబ్ లెఫ్టినెంట్ అయ్యాక 2017లో అసలు ప్రశ్న వచ్చింది: నీటి మీదా, నీటి కిందా? సబ్‌మెరైన్లకి ఎవర్నీ మెడ పట్టి తోయరు. మనంతట మనం రాసివ్వాలి, ఆపైన వైద్యపరీక్ష నెగ్గాలి. మాకు పాఠం చెప్పడానికొచ్చిన సబ్‌మెరైనర్ ఒకాయన, అదనపు అలవెన్సు గురించీ, ఛాతీ మీద మెరిసే డాల్ఫిన్ బ్యాడ్జీ గురించీ చాలా చెప్పాడు. నా చెవిన పడింది ఒక్క మాటే: "లోతుకి వెళ్తే అలలుండవు. గ్లాసులో టీ కూడా కదలదు." ఆ సాయంత్రమే సంతకం పెట్టేశాను.

ఇంట్లో సభ తీరింది. "ఓడలోనే ఉంటే ఇప్పుడేం పుట్టి మునిగిందిరా?" అన్నారు నాన్న.

"అక్కడ మునగట్లేదనే కదా నాన్నా నా బాధ!"

అమ్మ అప్పుడే 'ఘాజీ' సినిమా చూసొచ్చింది. 1971లో ఆ పేరున్న పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగింది మన ఊరి సముద్రంలోనే కాబట్టి, ఆవిడకి ఆ విషయంలో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అయినా అడిగింది ఒకటే: "అంత పొడుగు హీరో రానా అందులో ఎలా పట్టాడురా?"

మావయ్య మాత్రం పాయింటుకొచ్చాడు. "తేలే ఓడలుండగా మునిగే ఓడెందుకు?"

"మునగదు మావయ్యా, డైవ్ చేసి మళ్ళీ పైకొస్తుంది."

"మా చిట్టీలవాడూ ఇలాగే చెప్పాడు" అని కండువా దులుపుకుని లేచిపోయాడు.

విశాఖలోనే ఉన్న సబ్‌మెరైన్ల బడి ఐఎన్ఎస్ శాతవాహనలో చదువు ముగించుకుని, బోటెక్కాను. మాలో దాన్ని ఓడ అంటే తప్పు, బోట్ అనాలి. అది హార్బర్ దాటగానే బుడుంగున మునుగుతుందనుకున్నాను. చాలినంత లోతు రావాలి కదా! గంటల తరబడి నీటి మీదే ప్రయాణం. ఓడకి అడుగున కోసుగా ఉంటుంది. సబ్‌మెరైన్‌ది గుండ్రటి పొట్ట. గచ్చు మీద వదిలిన నూనె డబ్బాలా అటు దొర్లింది, ఇటు దొర్లింది. పాత బకెట్ స్నేహం మళ్ళీ మొదలైంది.

ఎట్టకేలకి మునిగాం. నిజంగానే టీ కదల్లేదు. ఆనందబాష్పాలు తుడుచుకునేలోపు బ్యాటరీలు నిండుకుంటున్నాయన్నారు. డీజిల్ ఇంజన్లకి గాలి కావాలి కాబట్టి పైకొచ్చి, స్నార్కెల్ గొట్టం బయటపెట్టి ఛార్జింగ్ చేసుకోవాలి. అల వచ్చి గొట్టం మూతపడిందంటే ఇంజన్లు లోపలి గాలినే గుంజుకుంటాయి, మన చెవులు టప్పుమంటాయి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు నా చెవులు పట్టి ఎందుకు సాధన చేయించారో అప్పుడు అర్థమైంది.

మంచినీళ్ళు పొదుపు, స్నానం పండగ. కిటికీ అన్నది లేదు. ఎర్రదీపాలు వెలిగితే రాత్రి అయిందని లెక్క. డీజిల్ వాసన బట్టల్లోకీ, జుట్టులోకీ, చివరికి అమ్మ కట్టిచ్చిన ఆవకాయలోకీ దిగుతుంది. ఇంగువని ఓడించిన వాసన లోకంలో అదొక్కటే.

డిస్ట్రాయర్‌లో ఉన్న నా బ్యాచ్‌మేటు విదేశీ రేవుల్లో దిగిన ఫొటోలు పంపేవాడు. నా ఫోన్ నిండా పైపులే ఉండేవేమో, కానీ మా బోటులో ఫొటోలు తియ్యకూడదు. అయితే వాడికి అడ్మిరల్ తనిఖీలు, ఇత్తడి తోమించడాలు, పెయింటు పనులు, డెక్ మీద పార్టీలు. నన్ను చూడ్డానికి ఎవరూ రారు, వచ్చినా పట్టరు.

పెళ్ళిచూపుల నాడు అమ్మాయి తండ్రి, రిటైర్డ్ లెక్చరర్, నేను పనిచేసే చోటు చూస్తానన్నారు. "మా బోటు చూపించకూడదు మాస్టారూ, దాని తాతగారిని చూపిస్తాను" అని ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురాకి తీసుకెళ్ళాను. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియమైన బోటు. తొంభై ఒక్క మీటర్ల పొడవు, ఏడు గదులు, మధ్యమధ్య గుండ్రటి ద్వారాలు. ముందు కాలు పెట్టాలో తల పెట్టాలో తేల్చుకునేలోపు ఆయన నుదుటి మీద రెండు బొప్పులు కట్టాయి.

"ఇందులో ఎంతమంది ఉండేవారు బాబూ?"

"డెబ్బై అయిదు మందండీ."

"మరి స్నానాలు?"

"ఆ సంగతి పెళ్ళయ్యాక మాట్లాడుకుందామండీ."

బయటికొచ్చి బొప్పి తడుముకుంటూ చాలాసేపు ఆలోచించారు. "ఇంత ఇరుకులో అంతమందితో సర్దుకునేవాడు మా అమ్మాయి ఒక్కదానితో సర్దుకోలేడా?" అని తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఇప్పుడు కుర్ర ఆఫీసర్లు నన్ను సలహా అడుగుతుంటారు. ఓడలోనూ బాధే, బోటులోనూ బాధే. సుఖాలు రెండుచోట్లా ప్రసంగాల్లోనే ఉంటాయి. కాబట్టి ఏ బాధ మీద జోకులు వేయగలరో అందులో చేరండి. తేల్చుకోలేకపోతే ఒకసారి కుర్సురాలో ఈ చివర దూరి ఆ చివర తేలండి. నవ్వుతూ బయటపడితే మావాళ్ళే. సోమవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు సెలవు.