ఇప్పటి దయ్యాలకు నోరెక్కువ

ఓటీటీలో ఏ దయ్యం సినిమా పెట్టినా ఇదే తంతు. పది నిమిషాలకోసారి చెవులు చిల్లులు పడే అరుపు, దబ్బుమని తలుపు, జుట్టు విరబోసుకున్న ఓ పిల్ల. మా మనవడు దీన్ని డార్క్ ఫ్యాంటసీ అంటాడు. పెద్దవాళ్ల కోసమేనట. నాకన్నా పెద్దవాళ్లు మా ఇంట్లో లేరు. నాకు భయం వెయ్యదు, తలనొప్పి వస్తుంది.

మా రోజుల్లో భయం చందమామలో నెలకోసారి చప్పుడు చెయ్యకుండా వచ్చేది. శంకర్ వేసిన బేతాళ కథల బొమ్మ చూడండి. విక్రమార్కుడు కత్తి దూసి, భుజాన శవంతో శ్మశానంలో నడుస్తుంటాడు. రాజు మొహంలో బెదురు లేదు. పని మీద పోతున్న మనిషి మొహం అది. ఆ బెదురు మన వంతు. నెలనెలా అదే బొమ్మ, అయినా ఒళ్లు జలదరించేది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, తోకచుక్క, రాకాసిలోయ లాంటివాటికి చిత్రా వేసిన రాక్షసులైతే కాగితం మీదే బరువుగా నిలబడేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్ గీసిన రాక్షసుడి చేతికి ఎన్ని వేళ్లున్నాయో లెక్కపెట్టుకోవాలి.

పైగా ఆ బేతాళుడు భయపెట్టి పోయే రకం కాదు. కథ చెప్పి ప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. తప్పెవరిదో, న్యాయమేదో మనమూ రాత్రంతా ఆలోచించాల్సిందే.

పటాన్‌చెరులో నేను పనికి చేరిన రోజుల్లో, ఎనభైల్లో, మాకు యండమూరి తులసిదళం పట్టుకుంది. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చింది. మా షిఫ్టు బస్సులో ఆ పేజీలు చింపి, దారంతో కుట్టిన పుస్తకం ఒకటి తిరిగేది. మధ్యలో పేజీలు పోయినా ఎవడూ వదిలేవాడు కాదు. పోయిన భాగం పక్కసీటు వాడు నోటితో చెప్పేవాడు, కొంత తన సొంతం కలిపి. అందులోనూ ప్రశ్నే: కథలోని పసిపిల్లకు వచ్చింది రోగమా, చేతబడా? డాక్టరు ఒక వైపు, మాంత్రికుడు ఒక వైపు. చదివేవాడు మధ్యలో నలిగేవాడు.

సెకండ్ షిఫ్టు దిగి చీకట్లో సైకిల్ మీద ఊరికి పోయేవాళ్లకు అది ఉత్త నవల కాదు. అప్పటి మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి పేరు చెబితే గొంతులు తగ్గేవి. చేశాడని అనుమానం వస్తే చాలు, మనిషిని పట్టుకుని పళ్లు పీకేవాళ్లు. రోగమో, చేతబడో అని అక్కడ ఎవడూ ఆగి అడగలేదు. అందుకే చేతబడి సినిమాలంటే ఇప్పటికీ నాకు చిరాకు. మసూద ఒకటి నయం, కొంచెం నింపాదిగా నడిచింది.

   

ఇంతకీ ఈ చీకటి కథలకు పుట్టిల్లు సీమదేశాలేమీ కాదు. సంగారెడ్డికి కూతవేటు దూరంలో కొండాపూర్ ఉంది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు కుప్పలుగా బయటపడ్డ ఊరు. ఆ శాతవాహనుల కొలువులోనే గుణాఢ్యుడు ఉండేవాడని కథ. పందెంలో ఓడి, తెలిసిన భాషలన్నీ వదిలేసి, పైశాచి భాషలో, తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడట. బేతాళ కథలను మనదాకా తెచ్చిన కథాసరిత్సాగరానికి అదే మూలం. రాజు ఈసడించుకుంటే అడవిలో మంట వేసి, ఒక్కో ఆకు చదివి నిప్పులో వేస్తూ కూర్చున్నాడు. జంతువులు మేత మానేసి వింటున్నాయి. వాటి ఒంట్లో కండ తగ్గి, రాజుగారి పళ్లెంలో మాంసం చవి చెడితే గానీ సంగతి బయటపడలేదు. రాజు పరుగెత్తుకొచ్చేసరికి లక్షే మిగిలింది.

దీన్ని సినిమా తియ్యరేం అని మనవణ్ణి అడిగాను. తీస్తారు తాతా అన్నాడు. తీస్తారు, నాకు తెలుసు. ఆ మంటకు కూడా డాల్బీ పెడతారు.