పసుపాకు, టమాటా తెగులు, ఒక ఎమ్మెస్ సీటు

అమెరికాలోని సమస్త విశ్వవిద్యాలయాల అడ్మిషన్ కమిటీల వారి దివ్యసముఖమునకు,

దుగ్గిరాల దగ్గర ఒక పల్లె నుంచి రిటైరైన తెలుగు పండితుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మా అమ్మాయి లాప్‌టాప్‌లో రోజూ చూస్తూనే ఉన్నాను. మీ పోర్టళ్లు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయి. ఫీజు పుచ్చుకోవడంలో ఒక్కనాడూ మొరాయించలేదు.

మా అమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్‌కని మీలో కొందరికి అప్లై చేసింది. మా జాబితాలో చాలావాటికి తలా 75 నుంచి 100 డాలర్లు. సీటు రాకపోయినా తిరిగి ఇవ్వరట. దానికి నేను పేచీ పెట్టను. సంబంధం కుదరలేదని జాతకాలు చూసినాయన దక్షిణ వెనక్కివ్వడు కదా.

నా పేచీ మీరడిగే ఆ వ్యాసంతో. పిల్లలు ఎస్‌వోపీ అంటున్నారు. మీ కథ మీ మాటల్లో చెప్పమంటారు. చెప్తాం. ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు ఆ కాలేజీలో సీఎస్‌ఈ దొరికింది, చేరింది. కథ అయిపోయింది. మీకేమో వెయ్యి మాటలు కావాలి. మిగతావి గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు సమకూర్చారు. చిన్ననాడే పాత కంప్యూటర్ విప్పి చూసిందట, నాటి నుంచి ఆ యంత్రం మీద తీరని మక్కువట. మా ఇంట్లో విప్పడానికి కంప్యూటరే లేదు. ఆ పిల్ల విప్పింది వాళ్లమ్మ మిక్సీ, బిగించుకుంది నేను. ఈ ఏడు ఆ కన్సల్టెన్సీ మెట్లెక్కిన పిల్లలంతా బాల్యంలో కంప్యూటర్లు విప్పినవాళ్లేనని తర్వాత తెలిసింది.

రాయవలసింది ఒకటి ఉంది. దాన్ని కొట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్రోగ్రాం ఒకటి ప్రాజెక్టుగా పెట్టుకుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇది ఊరూరా చేసే ప్రాజెక్టే. డబ్బిస్తే తయారుగా కూడా దొరుకుతుంది. మా పిల్ల కొనలేదు, కూర్చుని చేసింది. ప్లాంట్‌విలేజ్ అని అందరికీ ఉచితంగా దొరికే ఆకుల ఫోటోలు 50 వేలకు పైగా ఉన్నాయట. వాటి మీద పరీక్ష పెడితే నూటికి తొంభై పైచిలుకు సరిగ్గా చెప్పింది. దసరా సెలవులకొచ్చి మా పసుపు చేలోకి దిగి, ఆకుమచ్చ పడ్డ ఆకును ఫోటో తీసింది. ఫోను ఒక్క క్షణం తటపటాయించి టమాటా అంది. టమాటాకు ఫలానా తెగులు, సందేహం లేదు అంది. పక్క చేను కౌలు రైతు పడీపడీ నవ్వాడు. పిల్ల నవ్వలేదు. గట్టు మీద కూర్చుని ఆ ఫోటోల్లో ఏ పంటలున్నాయో వరసగా చూసుకుంటూ పోయింది. మొత్తం 14. ఆపిల్ ఉంది, ద్రాక్ష ఉంది, స్ట్రాబెర్రీ ఉంది. పసుపు లేదు.

“దానికి ‘నాకు తెలీదు’ అనే దారి నేనే పెట్టలేదు నాన్నా. ఎరిగిన పద్నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పి తీరాలి, పాపం” అంది.

ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, విద్యార్థి నోట అంత మంచి మాట అరుదుగా విన్నాను. ఇంకా చూస్తే ఆ ఫోటోల్ని ఆకులు కోసి, ఏమీలేని బల్ల మీద పరిచి తీశారట. మట్టీ, నీడా, పక్కాకూ కనబడితే ప్రోగ్రాం బెదిరిపోతోంది. మిగిలిన సెలవులన్నీ ఎండలో మా పసుపాకుల్ని చెట్టునుండగానే ఫోటోలు తీస్తూ, ఏది ఏ తెగులో రైతుల్ని అడిగి రాసుకుంటూ గడిపింది.

కన్సల్టెన్సీ కుర్రాడు, అమ్మాయి ఇదంతా రాసిన పేరా చదివి, “ఫెయిల్యూర్ రాయకూడదు సార్, ప్రొఫైల్ వీక్ అయిపోతుంది” అన్నాడు. మీ గురించి మాకంటే అతనికి ఎక్కువ తెలుసునన్నట్టుగా చెప్పాడు. మీకు చేరిన కాగితంలో ఆ తొంభై పైచిలుకు శాతం మాత్రమే ఉంది.

ఇక సిఫార్సు లేఖలు. ప్రొఫెసర్‌గారు రాసి నేరుగా మీకు పంపాలి, పిల్ల చేతి మీదుగా రాకూడదు అన్నది మీ నియమం. ఇక్కడ ఆచారం, “నువ్వే డ్రాఫ్టు రాసి తీసుకురామ్మా, చూసి పెడతాను” అనడం. ఆయన్నీ తప్పు పట్టలేను, గుమ్మం బయట క్యూ అంత ఉంది. తనను తాను మూడు గొంతుల్లో పొగుడుకోవడానికి మా అమ్మాయి పడ్డ అవస్థ చూడాలి. ఒకాయన గంభీరంగా, ఒకావిడ ఆప్యాయంగా, ఇంకొకాయన ముక్తసరిగా. శతాబ్దాల తెలుగు సాహిత్యంలో ఈ ప్రక్రియ లేదు. పైగా మీ పోర్టల్ వారిలో ఒకాయన్ని ఈ విద్యార్థి క్లాసులో టాప్ 1 శాతమా, 5 శాతమా అని అడిగింది. ఆయన ఉదారంగా 1 మీద నొక్కారు. క్లాసులో అరవై మంది. అందులో ఒక శాతమంటే పూర్తి మనిషి కూడా రాదు.

సీటు ఇస్తామన్నాక, వీసాకు కావలసిన ఐ-20 కాగితం పంపే ముందు, మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము చూపించమంటారు. బ్యాంకు నిల్వ గానీ లోను మంజూరు పత్రం గానీ కావాలి, భూమి పనికిరాదు అని మీలో చాలామంది షరతు. మాకున్నది భూమే. మా తాత చేతి మీదుగా వచ్చిన పొలం మీ లెక్కలో సున్నా. దాన్నే బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మాత్రం ఆస్తి! ఈ ఆర్థికశాస్త్రం నాకు కొరుకుడు పడలేదు గానీ, ముందుగానే సంతకాలు పెట్టాను.

ఆ తర్వాత విద్యార్థి నమోదుకని సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు. వీసా వస్తే నూట ఎనిమిది. ఈ ఒక్క చోటే మిగతా రుసుము పని జరిగాక. పిమ్మట హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో మీ కాన్సులేటు కిటికీ. అక్కడ కథ తిరగబడుతుంది. మీ దగ్గర అమెరికాలోనే ఆకాశమంత ఎదుగుతానని రాసిన పిల్ల, ఆ కిటికీ దగ్గర మాత్రం చదువైన మర్నాడే ఇంటికొచ్చేస్తానని నమ్మించాలి. వచ్చేవాళ్లు ఉండిపోయేవాళ్లేనని ముందే అనుకోమంటుంది మీ వలస చట్టంలోని 214(బి) సెక్షన్, కాదని రుజువు చేసుకోవలసింది వీళ్లు. అదే ప్రభుత్వం చదువయ్యాక 12 నెలలు, ఇంజనీరింగ్ వాళ్లకు మరో 24 నెలలు పని చేసుకోనిస్తుంది. మీ దగ్గర చెల్లని పొలం అక్కడైనా చెల్లుతుందేమోనని పట్టాదారు పాస్‌బుక్ ఫైల్లో పెట్టాం.

2023-24లో భారతీయ విద్యార్థులు మీ దేశంలో 3,31,602 మంది, చైనాను కూడా దాటారని చదివాను. ఇంతమంది దగ్గర ఫీజు కట్టించుకున్నవారు, ఆ కంప్యూటర్లు విప్పిన బాల్యాలన్నీ ఒకే చేతి రాతలని కనిపెట్టలేదంటే నేను నమ్మను. కనిపెట్టీ ఊరుకుంటున్నారు. దానికి బదులు, ‘నువ్వు చేసినదేదైనా పనిచెయ్యని రోజున ఏం చేశావు’ అని ఒక్క ప్రశ్న పెట్టండి. అయిదారు వాక్యాలు చాలు. కన్సల్టెన్సీ వాళ్లు దానికీ నమూనా జవాబులు అచ్చేస్తారు, నాకు తెలుసు. అయినా ఒక ఏడాదైనా పడుతుంది కదా. ఈలోగా నాలుగు నిజాలు మీ కంట పడతాయి.

పసుపాకుల ఫోటోలు కావాలంటే మా అమ్మాయి దగ్గరున్నాయి, అడిగితే పంపుతుంది. ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
మీ జవాబు కోసం రోజూ స్పామ్ ఫోల్డర్ కూడా తెరిచి చూస్తున్న
ఒక తండ్రి

తా.క.: మీ యూనివర్సిటీ గురించి ఎలా తెలిసిందని ఫారంలో అడిగారు. ‘వెబ్‌సైట్’ అని టిక్కు పెట్టాం. నిజానికి చెప్పింది మా ఎదురింటివాళ్ల అల్లుడు. ఆ గడి కనబడలేదు.